సత్తవ్వ ఎడమ చెయ్యి

మా సంఘంలో ఇద్దరు ఆడపిల్లలు ఫిజియోథెరపీ చదువుతున్నారు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ఆపి, "తాతా, నువ్వు చేసిన నౌకరి గూడ ఇదే గదా, మాకేమన్న చెప్పు" అన్నారు. చర్చి మెట్ల మీద నిలబడి చెప్పగలిగిన సంగతి కాదు కనుక కూర్చుని రాస్తున్నాను.

నాకు పెద్ద హోదా ఎప్పుడు వచ్చిందో, ఏ ఆఫీసరు ఏ కాగితాన్ని ఎన్నాళ్ళు తొక్కిపెట్టాడో ఇందులో ఉండదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నాకు డైరీ రాసే అలవాటు ఉంది. ఎవరి వేలు ఎంత వంగిందో, ఆ పూట మెస్సులో ఏం కూర వండారో రెండూ ఒకే పేజీలో ఉంటాయి. వాటిని పక్కన పెట్టుకునే రాస్తున్నాను కాబట్టి నన్ను నేను పెద్ద చేసి చెప్పుకునే వీలు తక్కువ. అయినా గర్వం కనిపిస్తే క్షమించండి. ఈ పని చేసినందుకు నాకు నిజంగానే గర్వం.

పని ఏమిటంటే

కామారెడ్డిలో నేను పనిచేసిన మిషన్ దవాఖానకు ఎక్కువగా కుష్ఠు వచ్చినవాళ్ళు వచ్చేవారు. ఊళ్ళలో దాన్ని పెద్దరోగం అనేవారు. మందు మింగితే రోగం పోతుంది. కానీ మందు మొదలుపెట్టేలోగా చేతి నాడులు దెబ్బతింటే వేళ్ళు కొంకులు తిరిగిపోతాయి, స్పర్శ పోతుంది. రోగం వెళ్ళిపోయాక మిగిలిన ఆ చెయ్యే మా పని. పొద్దున్నే తొట్టి నీళ్ళలో చేతులు నానబెట్టించాలి. నూనె రాసి ఒక్కొక్క వేలినీ మెల్లగా సాగదీయాలి. వేళ్ళు నిటారుగా ఉండటానికి బద్దల్లాంటి గట్టి పట్టీలు కట్టాలి. చెయ్యి కాలినా నొప్పి తెలియదు కనుక పుండ్లను మన కళ్ళతో వెతకాలి.

కొందరికి ఆపరేషన్ చేసేవారు. నడిమి వేలిని వంచడానికి లోపల రెండు నరాలు ఉంటాయి. పుస్తకాల్లో స్నాయువు అంటారు గానీ మా హాలులో అందరూ నరమే అనేవారు, నేనూ అలాగే రాస్తాను. ఆ రెండింటిలో ఒకటి తీసి, నాలుగు పాయలుగా చీల్చి, నాలుగు వేళ్ళకూ కుడతారు. పిండికట్టు విప్పాక వేళ్ళు వాటంతట అవి చక్కబడవు. ఇన్నాళ్ళూ ఒక వేలిని వంచిన నరం ఇప్పుడు నాలుగు వేళ్ళనూ మొదట్లో, అంటే పిడికిలి మెటికల దగ్గర వంచాలి. అది చేస్తేనే వేళ్ళ కొసలు నిటారుగా నిలుస్తాయి. ఆ కొత్త పనిని నేర్పేది మనం. కుట్టడం సర్జన్‌కు ఒక పూట పని. నేర్పడం మాకు నెలల పని.

మంచం కోడు

చేరిన కొత్తలో నన్ను గాంధారి వైపు తండాలకు పంపేవారు. దవాఖాన నుంచి ఇంటికి వెళ్ళినవాళ్ళు పట్టీలు కట్టుకుంటున్నారో లేదో చూసి రావాలి. ఒక తండాలో ఒక పెద్దమనిషికి నేను స్వయంగా కొలత తీసి, అంచులు అరగదీసి పట్టీ చేసి ఇచ్చాను. నా చేతి పనిలో అది మంచిదని నాకే ముచ్చటగా ఉండేది. వెళ్ళి చూస్తే ఆయన చెయ్యి మళ్ళీ ముడుచుకుపోయి ఉంది. పట్టీ మంచం కోడు కింద ఉంది.

"మంచం ఊగుతుండె సార్. ఇప్పుడు ఊగుతలేదు. మీ పట్టీ మంచిగ పనిచేస్తున్నది" అన్నాడాయన, మెచ్చుకోలుగా.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అందరూ మాట్లాడుకుంటుంటే నేను పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను. ఇలాంటివి ఒకటి కాదు. నెలలు కష్టపడి మాన్పిన పుండు పొయ్యి దగ్గర ఒక్క పూటలో తిరిగి వచ్చేది. ఈ ఉద్యోగం మానేసి బడిలో పంతులుగా చేరతానని ఆ రోజు రాసుకున్నాను.

మా హాలు ఇన్‌చార్జి ఎస్తేరమ్మ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. సర్జన్ కూడా ఆమె ముందు చేతులు కడుక్కున్నాకే రోగిని ముట్టుకునేవాడు. మరునాడు నా ముఖం చూసి అడిగింది.

"ఏంది దావీదూ, మొఖం గట్ల పెట్టినవు? ఎవలన్న కొట్టిన్రా?"

పట్టీ సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"నీ కోపం దేనికి? ఆయన చెయ్యి వంకర పోయిందనా, నీ పట్టీ మంచం కిందికి పోయిందనా?"

ఈ ప్రశ్న మీరూ దగ్గర పెట్టుకోండి. మన పనిలో వచ్చే విసుగులో సగం ఇక్కడే పుడుతుంది.

ఎస్తేరమ్మకు ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం హాలు మూసే ముందు ప్రతి రోగి చేతినీ తన చేతుల్లోకి తీసుకుని, ఆ రోజు ఆ చెయ్యి చేసిన ఒక పనికి దేవునికి పైకి కృతజ్ఞత చెప్పేది. 'ప్రభువా, ఈ చిటికెన వేలు ఇయ్యాల గ్లాసును తాకింది, నీకు వందనాలు.' అంతే, ఒక్క వాక్యం. మేము కూడా అలాగే చెయ్యాలి. మొదట్లో నాకు సిగ్గుగా ఉండేది.

"ఆ చెయ్యి ఏం చెయ్యకపోతే?" అని అడిగాను.

"దాసుకున్న కొంగు కిందికెల్లి బయటికొచ్చింది గదా. గది చెప్పు."

ఇది ఒట్టి భక్తి అలవాటనుకుంటే సగమే అర్థమైనట్టు. దేవునికి చెప్పాలంటే మనం చూసి ఉండాలి. చూడాలంటే ఆ చెయ్యి పక్కన కూర్చుని ఉండాలి. ఏమీ జరగలేదని విసుక్కున్న రోజుల్లో కూడా ఏదో ఒకటి జరిగిందని నాకు ఆ పద్ధతి వల్లనే తెలిసేది.

సత్తవ్వ

ఇప్పుడు అసలు సంగతి.

ఎల్లారెడ్డి నుంచి పోచారం వెళ్ళే తోవలో ఒక పల్లె. అక్కడ ఆడవాళ్ళు ఒక ఇంటి వసారాలో గుండ్రంగా కూర్చుని బీడీలు చుడతారు. ఆ గుంపుకు కొంచెం దూరంగా, గోడవారన ఒక్కతే కూర్చున్న మనిషి నాకు కనిపించింది. ఆమె సత్తవ్వ. ఎడమ చెయ్యి కొంగు కింద ఉంది.

బీడీ చుట్టడానికి ముందు ఆకును కత్తిరించాలి. ఆకు మీద కొలతకు ఒక రేకు ముక్క పెట్టి, ఎడమచేతి వేళ్ళతో దాన్ని అదిమి పట్టి, కుడిచేత్తో కత్తెర ఆడించాలి. సత్తవ్వ ఎడమచేతి వేళ్ళు కొంకులు తిరిగాయి కనుక కొసలే తగిలేవి. రేకు జారిపోయేది, ఆకు వంకరగా తెగేది. మందు పూర్తి చేసి రోగం పోయిందని కాగితం తెచ్చుకున్నా, ఆ చెయ్యి చూసి తోటివాళ్ళు ఆమెను పక్కకు జరిపారు. బీడీలు తీసుకునే కమీషన్‌దారు వంకర బీడీలు తెస్తే పని ఆపేస్తానన్నాడు. ఆ ఊళ్ళో బీడీ పని పోతే ఆడమనిషికి ఇంకో పని లేదు. పైగా ఆమెకు అది ఒక్క పని సంగతి కాదు. వసారాలో కూర్చునే చోటు పోతే ఊళ్ళోనే చోటు పోయినట్టు.

ఆపరేషన్ సంగతి చెప్పి ఒప్పించింది నేనే. ఆమె భర్త బాలయ్య నన్ను ఒకటే అడిగాడు.

"సార్, మంచిగ గాకపోతే?"

"అయితది" అన్నాను. అలా అనకూడదు. మీరు ఎప్పుడూ అనకండి.

కట్టు విప్పాక

ఆపరేషన్ బాగా జరిగింది. పిండికట్టు విప్పిన రోజు నుంచి నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను. వేళ్ళు కదలలేదు. మరునాడూ కదలలేదు. ఆ వారమంతా కదలలేదు. ఆమె పళ్ళు కొరికి ప్రయత్నించేది, నుదుట చెమట పట్టేది, వేళ్ళు మాత్రం మునుపటిలాగే కొంకులు తిరిగేవి. మధ్య వేలికి ఇంతకుముందున్న బలం కూడా తగ్గింది, ఎందుకంటే దాని నరమే కదా తీసింది.

ఇక్కడ ఒక మాట అర్థం చేసుకోండి. తీసిన నరాన్ని తిరిగి పాత చోట పెట్టలేము. కొన్ని వారాల్లో అది పని నేర్చుకోకపోతే చుట్టూ ఉన్న కండకు అతుక్కుపోతుంది. అప్పుడు ఆమె వచ్చినప్పటికంటే అధ్వానమైన చేతితో ఇంటికి వెళుతుంది. ఆ భయం ఆమెకూ ఉంది, నాకూ ఉంది. ఇద్దరం పైకి అనలేదు. బాలయ్య అన్నాడు.

"మంచిగ జేస్తమని తీస్కచ్చిన్రు. ఉన్నది గూడ వాయె. రేపు పొద్దుగాల నేను ఆమెను తోల్కపోత సార్. ఇగ చాలు."

ఆ సాయంత్రం హాలు పక్కనున్న చిన్న ప్రార్థన గదిలో కూర్చున్నాను. చేసింది ప్రార్థన అనలేను, కొట్లాట అనాలి. 'ప్రభువా, నిన్ను నమ్ముకునే ఈమెను ఇక్కడికి తెచ్చాను. చేతనైనంత చేశాను. నీకు మాత్రం ఏం తక్కువైంది?' అని గట్టిగానే అడిగాను. జవాబు రాలేదు. కొంచెంసేపు కూర్చుని ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను. అయినా ఒకటి చెప్పాలి. ఆ కోపాన్ని రోగి మీదా భర్త మీదా చూపించకుండా ఆ గదిలో దించి రాగలిగాను. వినేవాడొకడున్నాడని నమ్మితేనే కదా మనిషి అంత గట్టిగా కొట్లాడేది.

ఊచచెయ్యి గలవాడు

మా హాలులో పొద్దున పని మొదలయ్యే ముందు వాక్యం చదివి ప్రార్థన చేసేవాళ్ళం. రోగుల్లో హిందువులు, ముస్లింలు, లంబాడీలు అందరూ ఉండేవారు. రావాలన్న బలవంతం లేదు. అయినా దాదాపు అందరూ వచ్చేవారు, అక్కడ ఫ్యాను ఉండటం కూడా ఒక కారణం.

మరునాడు చదివే వంతు నాది. ఆ రోజుకు వచ్చిన భాగం సువార్తలో ఊచచెయ్యి, అంటే ఎండిపోయిన చెయ్యి గలవాని కథ. యేసు ఒక మనిషిని అందరి మధ్యకూ పిలిచి, చెయ్యి చాపమంటాడు, అతను చాపుతాడు, చెయ్యి బాగవుతుంది. ఆదివారపు బడిలో పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచీ నాకు ప్రాణమైన కథ. ఆ రోజు మాత్రం పేజీ తిప్పేసి వేరేది చదవాలనిపించింది. ఎస్తేరమ్మ చూస్తోంది కనుక చదివాను.

ముగించి తల ఎత్తేసరికి సత్తవ్వ అడిగింది.

"సార్, ఆయన చెయ్యి ఎన్నొద్దులకు మంచిగైంది?"

"అప్పుడే."

"మరి నాదెందుకు గట్ల గాదు?"

నాకు తెలిసిన పెద్ద మాటలన్నీ నోటి దాకా వచ్చి ఆగిపోయాయి.

"నాకు తెల్వదు సత్తవ్వా" అన్నాను.

కాలికి పుండుతో వచ్చిన ముసలాయన రాజయ్య వెనక నుంచి అందుకున్నాడు. "ఆయినకు ఈ సార్ లేకుండె గదా. అందుకే జల్ది అయింది."

అందరూ గొల్లుమన్నారు. కట్టు విప్పిన తరువాత సత్తవ్వ నవ్వడం అదే మొదటిసారి. నాకు కూడా నవ్వు వచ్చింది, కొంచెం గుచ్చుకుంది.

అది వంచే నరం

ఆ రోజు ఎస్తేరమ్మ స్టూలు తెచ్చుకుని మా పక్కనే కూర్చుంది. నేను రోజూ చెప్పినట్టే చెప్పాను. "చాపు సత్తవ్వా. వేళ్ళు చాపు. ఇంకా చాపు."

కొంతసేపు చూసి ఎస్తేరమ్మ నా భుజం తట్టింది.

"దావీదూ, ఆ నరం పుట్టినకాన్నుంచి ఎన్నడన్న చాపిందా?"

నాకు అర్థం కాలేదు.

"అది వంచే నరం. దానికి వంచుడే ఎరుక. నువ్వు చాపు చాపు అంటే చేతి మీది నరాలు గుంజుతున్నయి, ఇది పండుకుంటున్నది. దానికి తెలిసిన పనే అడుగు."

మెటికల దగ్గర వంచమని అడగాలని నేను చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ నా కంటికి కావలసింది నిటారు వేళ్ళు, నా నోటికి చిన్నప్పటి నుంచి అలవాటైనది ఆ కథలోని ఆజ్ఞ. రెండూ కలిసి, వారం పొడుగునా ఆ నరాన్ని పడుకోబెట్టాయి. ఎంత శ్రద్ధగా చెబితే అంత బాగా పడుకుంది.

"మరి ప్రభువు చాపమనే చెప్పిండు గదా" అన్నాను, చిన్నపిల్లవాడిలా.

"ఆయన ఆ మనిషి చెయ్యి ఎరిగి అడిగిండు. నువ్వు ఎరగకుంట అడుగుతున్నవు."

నేను విన్న ప్రసంగాలన్నిటిలో ఇంత చిన్నది, ఇంత పనికొచ్చింది ఇంకొకటి లేదు.

అప్పుడే బాలయ్య సంచి పట్టుకుని భార్యను తీసుకుపోవడానికి వచ్చాడు. ఎస్తేరమ్మ అతన్ని కూర్చోనివ్వలేదు.

"తోల్కపోదువు గని, ముందుగాల ఇంటికి వోయి మీ ఆకు రేకు తీస్కరా. నాలుగు ఆకులు గూడ తే."

"దవఖానల గూడ బీడీలు జేపిస్తరా అమ్మా?"

"జేపిస్త. నువ్వు గూడ కూసుంటవా?"

గొణుక్కుంటూ వెళ్ళాడు, మధ్యాహ్నం బస్సుకు తెచ్చాడు. బల్ల మీద తడి ఆకు పరిచి, దాని మీద రేకు పెట్టి, సత్తవ్వ ఎడమ చేతిని దాని మీద ఉంచాము.

"వేళ్ళ సంగతి మర్శిపో బిడ్డా" అంది ఎస్తేరమ్మ. "అవి వంకరగున్నా మంచిదే, సక్కగున్నా మంచిదే. రేకు జారనియ్యకు, గంతే."

సత్తవ్వ ఆకు వంక చూసింది. ఏళ్ళ తరబడి ఆమె చేసిన పని అది. రేకు అదమాలంటే మెటికలు వంగాలి, వేళ్ళు బల్లపరుపుగా పడాలి. నేను ఆమె అరచేతి కింద నా వేలు పెట్టి ఉంచాను. మొదటిసారి రేకు జారింది. రెండోసారి జారింది. ఆ తర్వాత నా వేలికి చర్మం కింద ఒక దారం బిగిసినట్టు తగిలింది.

"ఉంది!" అని అరిచాను. నా అరుపుకు ఆమె ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది.

"జర మెల్లగ సార్, పానం వోయింది" అంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ బిగిసింది. నాలుగు వేళ్ళూ వెంట్రుకవాసి చదునయ్యాయి. రేకు నిలిచింది.

బాలయ్య వంగి చూసి సంచిని నేల మీద పెట్టాడు. ఇంటికి తీసుకుపోయే మాట ఆ తరువాత ఎత్తలేదు.

సాయంత్రం ఆ చెయ్యి పట్టుకుని కృతజ్ఞత చెప్పవలసింది నేను. నేను మొదలుపెట్టేలోగా సత్తవ్వే చెప్పేసింది. "దేవుడా, ఇయ్యాల రేకు నిలవడ్డది. దండం." తరువాత నా వైపు తిరిగి, "మా ఎల్లమ్మకు గూడ మొక్కుకున్న సార్, ఏమనుకోకుండ్రి" అంది.

"మొక్కు" అంది ఎస్తేరమ్మ వెనక నుంచి. "పట్టీ మాత్రం ఇప్పకు."

సత్తవ్వ మా సంఘంలో చేరలేదు, మేము రమ్మని అడగలేదు. చేతిని అడ్డం పెట్టుకుని మనిషిని దేవుని దగ్గరికి లాగడం నాకు ఎప్పుడూ నచ్చదు. మన విశ్వాసం మన చేతుల్లో కనిపిస్తే చాలు.

తరువాత

ఆ రోజుతో అన్నీ చక్కబడ్డాయని అనుకోకండి. ఒక వారం రేకు అంచు ఒరుసుకుని ఆ చేతికి బొబ్బ లేచింది, పని ఆపాము. వేళ్ళకు గుడ్డ చుట్టి మళ్ళీ మొదలుపెట్టాము. చిటికెన వేలు చివరిదాకా పూర్తిగా నిటారు కాలేదు. మళ్ళీ నిరుత్సాహం వచ్చిన రోజులున్నాయి, ఆమెకూ నాకూ. విశ్వాసం ఉన్నవాడికి నిరుత్సాహం రాదని ఎవరైనా చెబితే, ఆ మనిషి ఎవరి పక్కనా ఎక్కువకాలం కూర్చోలేదని అనుకోండి. నా మటుకు నాకు విశ్వాసం చేసింది ఇది. కోపాన్ని దించుకునే చోటు చూపించింది. మరునాడు పొద్దున అదే స్టూలు మీద, అదే చెయ్యి ముందు కూర్చోబెట్టింది. నా పద్ధతి తప్పని ఎవరైనా చెబితే వినేటంత తగ్గించింది. అద్భుతం కోసం అడిగినవాడికి స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చునే పై అధికారిణి దొరికితే, అది జవాబు కాదని నేనెందుకు అనుకోవాలి?

బడిలో చేరాలన్న మాట డైరీలో ఆ తరువాత ఎక్కడా లేదు. విరమణ దాకా ఆ హాలులోనే ఉన్నాను.

ఎల్లారెడ్డి తోవలో

సత్తవ్వ ఇంటికి వెళ్ళిన కొన్నాళ్ళకు, చెయ్యి ఎలా ఉందో చూడటానికి ఆ పల్లెకు వెళ్ళాను. వసారాలో ఆడవాళ్ళు మునుపటిలాగే గుండ్రంగా కూర్చుని ఉన్నారు. గోడవారన చూశాను. అక్కడ ఎవరూ లేరు. పని పోయిందేమో అనుకున్నాను. తరువాత గుంపు మధ్యలో, ఇద్దరి మోకాళ్ళ నడుమ ఇరుక్కుని కూర్చున్న ఆమెను గుర్తుపట్టాను. కొంగు నడుముకు దోపి ఉంది. పక్కనున్నామె ఏదో అంటే సత్తవ్వ మోచేత్తో పొడిచి, "నీ ఆకు సూస్కో ముందు, ఎట్ల కోసినవో" అని ఎకసెక్కెం ఆడుతోంది.

"సత్తవ్వా, ఏది చెయ్యి చూపియ్యి" అన్నాను.

తల ఎత్తి నన్ను చూసి నవ్వింది గానీ చెయ్యి ఇవ్వలేదు. అది రేకు మీద ఉంది.

"ఆగుండ్రి సార్. కమీషన్‌దారు వచ్చే యాళ్లైంది. గీ కట్ట అయినంక సూపిస్త."

ఎవరో నాకు పీట వేశారు. కూర్చోబుద్ధి కాలేదు. ఆ చెయ్యి ఖాళీ అయ్యేదాకా వసారా అంచున నిలబడే ఉన్నాను.